లారీ హెడ్‌లైట్లు మార్చి మూడేళ్లు: ఏవి ఉంచాను, ఏవి పీకేశాను

మాది పది టైర్ల లారీ, 2015 మోడల్. ఆకివీడు, ఉండి, కైకలూరు చుట్టుపక్కల చేపల లోడు ఎత్తుకుని హౌరా వెళ్తుంది. దారి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఐసు కరిగేలోపు సరుకు చేరాలి కాబట్టి చీకటి పడిందని ఆగడం కుదరదు. నేనూ ఇంకో డ్రైవరూ మార్చుకుంటూ తోలతాం. ఈ బండి హెడ్‌లైట్ల మీద మూడేళ్లుగా డబ్బు పెడుతూ వచ్చాను. కొన్ని పీకేశాను, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. బిగించిన వారానికే "సూపర్" అని చెప్పినవాళ్ల మాట నమ్మి ఒకసారి నష్టపోయాను కాబట్టి, ఇన్నాళ్లు వాడాకే రాస్తున్నాను.

మూడేళ్ల కిందటి డిసెంబరు. ఎలమంచిలి దాటి అనకాపల్లి వస్తున్నాం, రాత్రి రెండున్నర అయి ఉంటుంది. స్పీడు 60. డివైడర్ అవతల నుంచి వరసగా లైట్లు కళ్లలో పడుతున్నాయి, నేను డిమ్‌లో ఉన్నాను. ఉన్నట్టుండి ముందు గాలిలో ఏవో తెల్లటి చుక్కలు కనిపించాయి. అవి నరికిన చెరకు గడల చివర్లు. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు, నిండా చెరకుతో ట్రాక్టర్ ట్రాలీ నా లైన్లోనే పోతోంది. బ్రేకు తొక్కి కుడి పక్కకు లాగాను. వెనక వస్తున్న బండి దూరంగా ఉండబట్టి బతికిపోయాం. లోపల చేపల బాక్సులు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బండి పక్కన ఆపి దిగి చూస్తే, నా రెండు లైట్ల వెలుతురు ఇంట్లో జీరో బల్బులా పసుపుగా ఉంది. ఆ లైట్లతో అన్ని నెలలు ఎలా తోలానా అని కాళ్లు వణికాయి. 60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే పాతిక మీటర్లు అయిపోతాయి. బ్రేకు పట్టడం ఆ తర్వాతి సంగతి.

ఆ ట్రిప్పు దిగగానే ఎల్ఈడీ బల్బుల సెట్టు కొన్నాను. 24 వోల్టులది, వెనక చిన్న ఫ్యాను ఉంటుంది, 3,200 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ తప్పు అనుకోవడం లేదు. మొదటి రాత్రి చాలా సంతోషపడ్డాను. బండి ముందు రోడ్డు పట్టపగల్లా తెల్లగా వెలిగింది. నాలుగైదు ట్రిప్పులు అయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. వెలుతురంతా బంపర్ ముందు ఇరవై ముప్ఫై మీటర్లలోనే ఉంది. దగ్గర అంత తెల్లగా ఉంటే కన్ను దానికే అలవాటు పడుతుంది, దూరం ఇంకా నల్లగా కనిపిస్తుంది. పైగా ఎదురొచ్చే ప్రతి బండీ నాకు డిప్పర్ కొట్టేది, అంటే లైటు డిమ్, బ్రైట్ మార్చి సైగ చేసేది. నేను డిమ్‌లోనే ఉన్నాను కదా అనుకునేవాణ్ని.

మాతో లోడు ఎత్తే ఇంకో లారీ డ్రైవరు ఒక డాబా దగ్గర చెప్పాడు: "అన్నా, నీ బండి ఎదురొస్తే రోడ్డు అంచు కూడా కనపడట్లేదు. నీది డిమ్మో బ్రైటో తెలియట్లేదు." ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నేను బతకడానికి పెట్టిన లైటు ఇంకొకడి కళ్లు మూస్తోంది.

కారణం తర్వాత తెలిసింది. మన లారీల్లో ఉండే హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. వెలుతురు పైకి పోకుండా కోసేది అదే. వెనక ఉన్న రిఫ్లెక్టర్ వంపు ఆ ఫిలమెంటు సరిగ్గా ఎక్కడ ఉంటుందో లెక్క వేసి చేసింది. ఎల్ఈడీలో వెలిగే చిప్పులు రెండు పక్కలా ఉంటాయి, ఆ చోటు కాస్త అటూ ఇటూ అయినా వెలుతురు చెల్లాచెదురవుతుంది. కంపెనీ నుంచే ఎల్ఈడీ డోమ్‌తో (బల్బు కూర్చునే హెడ్‌లైటు యూనిట్‌తో) వచ్చే బండ్ల సంగతి వేరు, వాటికి లెన్సు, రిఫ్లెక్టర్ దానికి తగ్గట్టే చేస్తారు. హాలోజన్ డోమ్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చడం గురించే నేను చెబుతున్నది. వానలో, పొగమంచులో ఆ తెల్ల వెలుతురు మన మీదికే తిరిగొచ్చేది. బాలాసోర్ దగ్గర ఒక తెల్లవారుజామున ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టు అయిపోయి, గంటకు పది కిలోమీటర్ల చొప్పున పాకాం. అయిదో నెలలో కుడి బల్బు ఫ్యాను దుమ్ముతో పట్టేసి, బల్బు వెలిగి ఆరడం మొదలైంది. రెండూ పీకేశాను.

అప్పుడు తాడేపల్లిగూడెంలో లారీల వైరింగు చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. "మేస్త్రీ, 100 వాట్ల బల్బులు వేసెయ్" అన్నాను. ఆయన బల్బు ముట్టుకోలేదు. ఇంజను ఆన్‌లో పెట్టించి మీటరు తీసి బ్యాటరీ దగ్గర పెట్టాడు, 28 వోల్టులు. తర్వాత హెడ్‌లైటు వెలుగుతుండగా బల్బు హోల్డర్ వెనక పెట్టాడు, 24.3. "చూడు బాబూ, బల్బుకు జబ్బేం లేదు. దానికి తిండే అందట్లేదు" అన్నాడు.

నాలుగు వోల్టులే కదా అనిపిస్తుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్ఫై శాతం పడిపోతుంది. నా బండికి అంతకంటే ఎక్కువే తగ్గింది. కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుంచి డిమ్ బ్రైట్ స్విచ్చుకు, సన్నటి పాత వైర్లలో తిరిగి తిరిగి లైటు దగ్గరికి వస్తోంది. దానికి తోడు ఎర్త్, అంటే కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. చెరువు గట్ల తడిలో తిరిగే బండి కదా, ఎర్త్ బోల్టు కింద పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంది.

మేస్త్రి రెండు 24 వోల్టుల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టాడు, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి కొత్త లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే 30 నంబరు పిన్నుకు. 87 నుంచి బల్బుకు. పాత హెడ్‌లైటు వైరు ఇప్పుడు 86కి వచ్చి రిలేను లాగడానికి మాత్రమే పనికొస్తుంది, 85 ఎర్త్. ఒక్కో లైటుకూ ఎర్త్ వైరు విడిగా వేసి, బోల్టు కింద రంగు గీకి ఇనుము తేలేదాకా రుద్ది బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్లీ మీటరు పెడితే హోల్డర్ దగ్గర 27.4. బల్బులు మాత్రం మామూలు 75/70 వాట్లవే, పేరున్న కంపెనీవి, గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'E' అక్షరం గుర్తు ఉన్నవి. వైర్లు, రిలేలు, బల్బులు, కూలీ కలిపి 2,600 అయింది. ఎల్ఈడీ సెట్టు కంటే తక్కువ.

రిఫ్లెక్టర్లు కూడా మార్చమన్నాడు. పాత డోమ్ విప్పి చూపిస్తే లోపల అద్దంలా మెరవాల్సింది బూడిద పూసినట్టు ఉంది. దాన్ని గుడ్డతో తుడవబోతే ఉన్న పూత కూడా ఊడుతుందని ఆపాడు. కొత్త డోములు కొనేటప్పుడు మన దేశానికి చేసినవో కాదో చూసుకోండి. మనం రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తాం కాబట్టి డిమ్ వెలుతురు ఎడమవైపు పైకి లేవాలి. కుడి పక్కన నడిచే దేశాల డోము పెడితే ఆ లేచే భాగం సరిగ్గా ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది.

చివరి పని, అందరూ వదిలేసేది, లైటు దించడం. ఖాళీ బండికి సెట్ చేసి లోడు ఎక్కిస్తే వెనక దిగి ముక్కు లేస్తుంది, డిమ్ కాస్తా బ్రైట్ అవుతుంది. మేము లోడుతోనే, టైర్లలో గాలి సరిచూసి, గోడకు 10 మీటర్ల దూరంలో నిలబెట్టి సెట్ చేశాం. డోము మధ్య ఎత్తు గోడ మీద సుద్దతో గీసి, డిమ్ వెలుతురు పై అంచు దానికంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకు వచ్చేలా స్క్రూలు తిప్పాం. అరగంట పని, రూపాయి ఖర్చు లేదు. నిజం చెప్పాలంటే, నాకు తేడా ఎక్కువ తెలిసింది రిలేతో కాదు, దీంతో. డిప్పర్ కొట్టేవాళ్లు ఆ రాత్రి నుంచే తగ్గిపోయారు.

ఇక రెండున్నరేళ్ల వాడకం సంగతి. వెలుతురు ఎల్ఈడీ అంత తెల్లగా ఉండదు, ఫొటో తీస్తే మామూలుగానే కనిపిస్తుంది. కానీ రోడ్డు ఎడమ అంచు, అంచున నడిచే మనిషి కాళ్లు, నిలబెట్టిన లారీ వెనక ఎర్ర టేపు ముందుకంటే చాలా దూరం నుంచి తెలుస్తున్నాయి. వానలో కూడా తారు మీద గీత కనిపిస్తుంది. తెల్లారేసరికి కళ్ల మంట తగ్గింది. మాతో తోలే డ్రైవరు వయసు యాభై దాటింది, ఆయన కూడా ఇదే మాట అన్నాడు. కళ్ల పరీక్ష చేయించి అద్దాలు మార్పించాక ఆయనకు ఇంకా సుఖంగా ఉంది. ఆ ఖర్చు కూడా లైట్ల ఖాతాలోనే రాసుకున్నాను.

లోపం కూడా చెప్పాలి. పూర్తి వోల్టేజి అందడం వల్ల బల్బులు త్వరగా పోతున్నాయి. ఇదివరకు ఏడాది పైన వచ్చేవి, ఇప్పుడు ఆరేడు నెలలు. అందుకని రెండు బల్బులు ఎప్పుడూ క్యాబిన్‌లో గుడ్డలో చుట్టి ఉంచుతాను. మార్చేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకూడదు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది. ఒక రిలే పోయిన ఏడాది వానల్లో నీరు దిగి పోయింది. ఇప్పుడు రిలేలను పిన్నులు కిందకు ఉండేలా తిప్పి పెట్టాం.

100/90 వాట్ల బల్బులు వేసుకున్న మిత్రుడి బండిలో హోల్డర్ కరిగి అతుక్కుపోయింది. బంపర్ మీద, క్యాబిన్ నెత్తి మీద ఎల్ఈడీ బార్లు పెట్టేవాళ్లకు నా మాట ఒక్కటే: తీసేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని ఉంది, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) బండి తీసుకెళ్లినప్పుడు ఆపుతారు. అదలా ఉంచినా, ఎదురొచ్చేవాడికి కళ్లు కనపడకపోతే వాడు వచ్చేది మన మీదికే. నేను బంపర్ కింద రెండు పసుపు ఫాగ్ ల్యాంపులు మాత్రం పెట్టాను, బాగా కిందకు దించి, పొగమంచులోనే వేస్తాను.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు ఉన్నవాళ్లు నేను చేసినట్టు వైర్లు కోయకండి. వాటిలో లైట్లు కూడా కంప్యూటరుతో ముడిపడి ఉండొచ్చు, వారంటీ కూడా పోవచ్చు. ముందు మీటరు పెట్టించండి, లైటు దించడం చూసుకోండి.

ఇంకొకటి, మా కొల్లేరు చుట్టుపక్కల తిరిగేవాళ్లకు బాగా తెలుసు. సాయంత్రం చెరువుల మధ్య అరగంట తోలితే డోముల మీద పురుగులు పేస్టులా అతుక్కుంటాయి. అది ఎండితే ఎంత మంచి బల్బు పెట్టినా దండగే. మేము టీకి ఆగిన ప్రతిచోటా తడిగుడ్డతో ముందు రెండు డోములు, ముందు అద్దం, తర్వాత వెనక వెళ్లి ఎర్ర లైట్లు, టేపు తుడుస్తాం. వెనకవాడికి మనం కనపడాలి కదా.

ప్రస్తుతం కుడి డోము లోపల ఆవిరి పడుతోంది, వెనక రబ్బరు గట్టిపడి చీలింది. మంచు మొదలయ్యేలోపు రెండు పక్కలా రబ్బర్లు మార్చి, మళ్లీ గోడ ముందు నిలబెట్టి సెట్ చేయాలి.