లోటు పద్దు తేలింది: 4 టీబీ హార్డ్ డ్రైవు మీద నా సమీక్ష

పెట్టె మీద 4 టీబీ (టెరాబైట్లు) అని వేలెడంత అక్షరాలు. డ్రైవును కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ చూపించింది 3.63 టీబీ. నేను ముప్పై ఏళ్లకు పైగా పద్దులు రాసి, ఇతరుల పద్దులు తనిఖీ చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. సాయంత్రం కూడికలో ఒక్క అంకె కుదరకపోయినా కుర్చీ వదలని అలవాటు. అలాంటిది దాదాపు పదో వంతు లోటు కనిపిస్తే ఊరుకోగలనా?

అసలు ఈ డ్రైవు కొన్నది మూడు పాత డ్రైవులను ఒక్కచోట చేర్చడానికి. ఒకటి 500 జీబీ, ఒకటి 1 టీబీ, ఒకటి 2 టీబీ. ఫొటోలూ వీడియోలతో మూడూ పీకలదాకా నిండాయి. కలిపితే మూడున్నర, కొత్తది నాలుగు, మిగులు అర టీబీ అని లెక్క వేసుకున్నాను. 3.63 అన్న అంకె చూడగానే ఆ మిగులు 0.13కు పడిపోయింది. కోపంతో వాపసు ఫారం సగం నింపేశాను కూడా.

మిగతా సగం నింపేలోపు పాత బుద్ధి అడ్డు వచ్చింది: ఫిర్యాదు రాసే ముందు అసలు పుస్తకం చూడాలి. డ్రైవు బొమ్మ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిచాను. కెపాసిటీ అన్న వరుసలో రెండు అంకెలు ఉంటాయి. అందరం కుడివైపు ఉన్న పొట్టి అంకెనే చూస్తాం. ఎడమవైపు ఉన్నది పొడుగు అంకె, ఎవరూ దాని జోలికి పోరు. నా డ్రైవుకు అది 40,00,76,83,23,584 బైట్లు. కాగితం మీద రాసుకుని వెనక నుంచి లెక్కపెట్టాను. నాలుగు లక్షల కోట్ల బైట్లు, ఆ పైన 76 కోట్ల 83 లక్షల చిల్లర. టెరా అంటే లక్ష కోట్లు. అంటే కంపెనీ చెప్పినంతా ఇచ్చి కొసరు కూడా వేసింది. వాపసు ఫారం మూసేశాను.

మరి 3.63 ఎక్కడిది? విండోస్ ఆ బైట్లను వెయ్యితో కాకుండా 1024తో నాలుగు సార్లు భాగిస్తుంది. దాని దృష్టిలో ఒక టీబీ అంటే 10,99,51,16,27,776 బైట్లు. పెద్ద మానికతో కొలిస్తే మానికల సంఖ్య తగ్గుతుంది, గింజలు తగ్గవు. చిక్కల్లా రెండు మానికలకూ ఒకే పేరు పెట్టడంలో ఉంది.

ఇది పద్దుల మనిషికి వెంటనే తెలిసే సంగతి, ఎందుకంటే ఇది అచ్చంగా చక్రవడ్డీ. కిలో దగ్గర తేడా 2.4 శాతమే. మెగాకు వచ్చేసరికి దాని మీద మళ్లీ 2.4 పడి 4.86 అవుతుంది. గిగా దగ్గర 7.37, టెరా దగ్గర 9.95. మెగాబైట్ల కాలంలో ఎవరికీ పట్టని తేడా ఇప్పుడు కళ్లలో పొడుచుకోవడానికి కారణం ఇదే. నా 500 జీబీ డ్రైవు ఇన్నాళ్లూ 465 చూపిస్తూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన రుజువు వేరే. 3.63ను 4లోంచి తీసేస్తే లోటు 0.37 టీబీ, అంటే సుమారు 370 జీబీ. అదే డ్రైవును విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీబీల్లో చూస్తే 3,726 జీబీ. నాలుగు వేలలోంచి తీసేస్తే లోటు 274 జీబీ. ఒకే వస్తువు, ఒకే రోజు, రెండు చోట్ల రెండు లోట్లు! నిజంగా సరుకు పోతే ఎలా తూచినా అంతే పోవాలి. తూచిన తీరును బట్టి లోటు మారుతోందంటే తప్పు తక్కెడలో ఉన్నట్టు.

ఈ 1024 ఎక్కడి నుంచి వచ్చిందంటే, మెమరీ చిప్పుల నుంచి. పది చిరునామా తీగలుంటే రెండును పది సార్లు హెచ్చవేసినన్ని గదులు, అంటే 1024, వస్తాయి. కాబట్టి ర్యామ్‌ను అలా లెక్కపెట్టడం సహజం. తిరిగే పళ్లేల మీద రాసే డిస్కుకు ఆ నిర్బంధం లేదు. 1956లో ఐబీఎం తొలి డిస్కు నిల్వ ర్యామాక్‌ను తెచ్చినప్పుడే సామర్థ్యాన్ని 50 లక్షల అక్షరాలని గుండ్రటి అంకెలో చెప్పారు. ఇంకో వింత ఉంది. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఉండేవి 14,74,560 బైట్లు. వెయ్యి లెక్కన 1.47, 1024 లెక్కన 1.41. మరి 1.44 ఏ లెక్క? ఒకసారి 1024తో, ఒకసారి వెయ్యితో భాగించారు. ఇలాంటి పద్దు నా దగ్గరకు వచ్చి ఉంటే ఎర్ర సిరా సీసా ఖాళీ అయ్యేది.

గొడవ తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే 1024 లెక్కకు కిబి, మెబి, గిబి, టెబి అని వేరే పేర్లు పెట్టింది. విండోస్ మాత్రం టెబిబైట్లలో లెక్కపెట్టి టీబీ అనే రాస్తోంది. ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి, వెయ్యి లెక్కకు మారింది. అందుకే ఇదే డ్రైవును మా మనవరాలి మ్యాక్‌కు తగిలిస్తే 4 టీబీ అని చూపించింది. "తాతయ్యా, నా దాంట్లో పూర్తిగా ఉంది, మీ కంప్యూటరే తినేసింది" అని నవ్వింది. లోగడ అమెరికాలో దీని మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. 2006లో డ్రైవుల కంపెనీ వెస్టర్న్ డిజిటల్ కొనుగోలుదారులకు ఉచితంగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి రాజీ పడింది, 2007లో మరో డ్రైవుల కంపెనీ సీగేట్ అయిదు శాతం సొమ్ము వాపసుకు ఒప్పుకుంది. ఇప్పుడు పెట్టెల మీద 1 టీబీ అంటే ఎన్ని బైట్లో రాస్తున్నారు. నా పెట్టె మీదా ఉంది, అడుగున, బార్‌కోడ్ పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో. భూతద్దం పట్టుకుంటే గానీ కనబడలేదు. ఒక నక్షత్రం కోసింది దానికే.

నిజంగా పోయే చోటు కూడా ఒకటి దొరికింది, దాని గురించి ఎవరూ గోల పెట్టరు. డిస్కులో మొత్తం 512 బైట్ల సెక్టార్లు, అంటే చిన్న అరలు, 7,81,40,37,168 ఉన్నాయి. అందులోంచి నా వాడకానికి రానిది కోటీ 87 లక్షల బైట్లు, అందులోనూ ఎక్కువ భాగం విండోస్ పక్కన పెట్టుకున్న 16 ఎంబీ ముక్క. ఇది లెక్కలోకి రాదు. అసలు ఖర్చు ఫైళ్లు పెట్టడం మొదలయ్యాక కనిపించింది. డిస్కులో ఫైళ్లను సర్దే పద్ధతులు కొన్ని ఉన్నాయి. డ్రైవును వాటిలో ఎక్స్‌ఫ్యాట్ అనేదానికి మార్చి చూశాను. అందులో ఒక్కో క్లస్టర్, అంటే ఫైలుకు ఇచ్చే గది, 128 కేబీ. పరీక్షగా ఒక ఫైలులో "అ" అని ఒకే అక్షరం రాసి దాచాను. ఫైలు పరిమాణం 3 బైట్లు, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు పడతాయి కదా. డిస్కు మీద ఆక్రమించిన చోటు 1,31,072 బైట్లు! ఒక్క "అ" కోసం మొత్తం గది రాసిచ్చేసింది. డ్రైవు ఇంకా ఖాళీయే కాబట్టి, మొదట ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతికి తిరిగి మార్చి మళ్లీ చూశాను. ఈసారి 0 బైట్లు అంది. మాయ కాదు, అంత చిన్న ఫైలును అది తన జాబితా పుస్తకంలోనే రాసేసుకుంటుంది.

ఇక మిగిలిన విషయాలు. పెట్టె మీద సెకనుకు 5 గిగాబిట్లు అని ఉంది. అవి బిట్లు, బైట్లు కావు, ఎనిమిదితో భాగించుకోవాలి. అదైనా యూఎస్‌బీ దారి వెడల్పే గానీ డ్రైవు నడక కాదు. నా కొలతలో ఖాళీ డ్రైవు సెకనుకు 130 ఎంబీతో మొదలై, పళ్లెం అంచు నుంచి లోపలికి పోయేకొద్దీ మందగించి, చివరికి 65కు దిగింది. మొదటి నుంచి చివరి దాకా నింపడానికి దాదాపు 12 గంటలు పట్టింది. అలా నింపి, తిరిగి చదివి సరిచూడటం ఊరికే చేయలేదు. చిన్న మెమరీ చిప్పు లోపల పెట్టి పెద్ద అంకె చూపించే నకిలీ డ్రైవులు తిరుగుతున్నాయి. అక్కడ కంప్యూటర్ కూడా పొడుగు అంకెనే చూపిస్తుంది, రాసింది మాత్రం తిరిగి రాదు. అసలు మోసం అది. నా డ్రైవు రాసినదంతా ఒక్క బైటు తప్పకుండా తిరిగి ఇచ్చింది. చప్పుడు లేదు, వేడి అరచేతికి గోరువెచ్చగా తెలిసేంతే. కేబుల్ మరీ పొట్టి, ల్యాప్‌టాప్ పక్కనే వేలాడుతుంది. అయిదుకు నాలుగు నక్షత్రాలు.

పాత మూడు డ్రైవులూ ఇందులోకి చేరాయి. నా మొదటి లెక్కే నిలిచింది, ఎందుకంటే అవీ ఇదే తక్కెడలో అంతే తగ్గి ఉన్నాయి. మూడున్నర టీబీ విండోస్ లెక్కలో 3.18, మిగులు 0.45. బైట్లలో చూస్తే సుమారు 50 వేల కోట్లు, అదే అర టీబీ.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచేద్దామనుకున్నాను గానీ, మనవరాలి మ్యాక్ దాన్ని చదువుతుంది తప్ప అందులో రాయలేదట. అందుకని డేటా చేర్చే ముందే మళ్లీ ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాను. నా దగ్గర రసీదుల స్కాన్లు, పాత పద్దుల టెక్స్ట్ ఫైళ్లు 40,000 దాకా ఉన్నాయి. అన్నీ కలిపి 30 కోట్ల బైట్లు ఉంటాయేమో. విడివిడిగా పెడితే 524 కోట్ల బైట్ల చోటు తింటాయి. వాటిని ఏడాదికొక జిప్ మూట చొప్పున కడుతున్నాను. పదకొండు ఏళ్లవి అయ్యాయి.