చైనా కషాయాలకు మట్టికుండా, కరెంటు కుండా? ఏళ్ల తరబడి వాడాక నా మాట

పక్కకు పిడి, పొట్టి ముక్కు, మూతకు చిన్న చిల్లు. సింగపూర్‌లో మూలికల కొట్లలో దొరికే మట్టి మందుకుండ ఇదే. మా ఇంట్లో చైనా కషాయాలు ఏళ్లుగా ఇందులోనే కాస్తున్నాను. మధ్యలో టైమర్ ఉన్న కరెంటు కుండ కూడా కొని చాలాకాలం వాడాను. ఇప్పుడు ఎవరడిగినా మట్టికుండే కొనుక్కోమంటాను. రుచి కోసం కాదు, జాగ్రత్త కోసం.

ఈ కషాయాల్లో అన్నీ ఒకేసారి వేయకూడదు. ఆలిచిప్పల వంటి గట్టి సరుకు ముందు పడాలి, అవి అరగంట ఉడికాక మిగతావి. పుదీనా లాంటి వాసన దినుసులు చివరి ఐదు నిమిషాల్లోనే, లేకపోతే సారమంతా ఆవిరిలో పోతుంది. సన్నటి గింజలైతే గుడ్డలో మూటకట్టాలి. గాడిద తోలు జిగురును ఉడికించకూడదు, వడకట్టిన వేడి కషాయంలో కరిగించాలి. మంచి కొట్టువాళ్లు వీటిని విడివిడి పొట్లాలు కట్టి పైన రాసిస్తారు. కరెంటు కుండలో అన్నీ పోసి మీట నొక్కి వెళ్లిపోవాలనిపిస్తుంది. దాని దగ్గర నిలబడి ఒక్కో పొట్లం వేసేటట్టయితే టైమర్‌తో పనేముంది?

అన్నిటికన్నా భయపడాల్సింది ఫూజీ (fuzi) అనే వేరు. మన వత్సనాభికి దగ్గర చుట్టం. శుద్ధి చేసి అమ్మినా సరే, మిగతావి వేయకముందే అరగంట నుంచి గంట దాకా, వైద్యుడు ఇంకా ఎక్కువ చెబితే అంతసేపూ ఉడికించాలి. అందులోని అకోనిటిన్ విషం ఎక్కువసేపు మరిగితేనే విరుగుతుంది. హాంకాంగ్‌లో ఈ జాతి వేర్ల విషం కేసులు పలుమార్లు నమోదయ్యాయి. తాగాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కినా, గుండె దడ వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది ఉన్న మందును సొంతంగా కొని కాచవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

మామూలు మందుకు నా పద్ధతి ఇది: చల్లటి నీళ్లలో అరగంట నానబెడతాను, మూలికల మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి. హువాంగ్‌చీ అనే వేరు ముక్కలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, కాబట్టి నానాక మళ్లీ చూసుకుని కొంచెం పోస్తాను. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి సన్నసెగకు దించుతాను. జలుబు మందుకు పది, పదిహేను నిమిషాలు చాలు, బలానికిచ్చే వాటికి నలభై నిమిషాలు పైనే. వేడిగా ఉండగానే వడకట్టి, పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెండూ కలిపి పొద్దుటికీ రాత్రికీ సగం సగం చేస్తాను. చేమంతి ఉంటే రెక్కలు ముక్కుకు అడ్డం పడతాయి, పైన జల్లెడ పెట్టక తప్పదు.

కుండ ఎంత మంచిదైనా సరుకు మంచిది కావాలి. బెల్జియంలో బరువు తగ్గించే మందుల్లో ఒక చైనా వేరుకు బదులు అరిస్టొలోకియా జాతి వేరు కలవడంతో ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. 1993లో అది బయటపడింది. అందుకే రిజిస్టరైన వైద్యుడి చీటీ లేనిదే నేను ఏదీ కొనను. సింగపూర్‌లో 2000 సంవత్సరం చట్టంతో ఈ రిజిస్ట్రేషన్ వచ్చింది. మా అత్తయ్యగారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడతారు. డాంగ్‌గ్వై అనే చైనా వేరు దానితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కనుక ఆవిడ చీటీ ముందు ఆసుపత్రి ఫార్మసిస్టుకు చూపించాకే పొయ్యి వెలిగిస్తాను. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం గురించి కూడా ఇలాగే అడగాలి, ఎక్కువైతే అది బీపీని పెంచి పొటాషియం తగ్గిస్తుంది.

మట్టికుండకు లోపాలూ ఉన్నాయి. వేడి కుండను తడి గట్టు మీద పెడితే పగులుతుంది. సబ్బు పెట్టకూడదు, మట్టి పీల్చుకుంటుంది. కొత్తదాన్ని మనవాళ్లలాగే గంజి కాచి పదును చేసుకోవాలి. లోపలి మెరుగులో సీసం లేదని రాసున్నదే కొనండి. ఇండక్షన్ మీద ఇది వేడెక్కదు. ఇండక్షన్ పొయ్యి తప్ప వేరే లేనివాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె వాడుకోవచ్చు. ఇనుము, రాగి, అల్యూమినియం పాత్రలు మాత్రం వద్దు.