మ్యాచా, నెట్సా: ఒళ్లు ఎక్కడ ఎక్కువ అలుస్తుంది?

దాళ్వా కోతలు అయిపోయి చేలల్లో వికెట్లు పాతేసరికి మా అమలాపురం వైపు తల్లిదండ్రులు క్రికెట్ నేర్పే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, మావాడు రోజూ రెండు గంటలు నెట్స్‌లో (వల కట్టిన చోట ప్రాక్టీసు) ఆడినా హుషారుగానే ఉంటాడు, ఆదివారం మ్యాచ్ ఆడొస్తే మాత్రం మంచం దిగట్లేదు, ఎందుకండీ?"

బ్యాటింగ్ వరకైతే అనుమానమే లేదు, మ్యాచే కష్టం. నెట్స్‌లో బంతిని కొట్టి అక్కడే నిలబడతారు, మ్యాచ్‌లో కొట్టాక పరుగెత్తాలి. క్రీజు నుంచి క్రీజుకి 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు. యాభై పరుగుల భాగస్వామ్యంలో 30 పరుగెత్తి తీసినవైతే ఇద్దరూ చెరో అర కిలోమీటరు పైనే పరుగెత్తినట్టు. అంత దూరం మన కుర్రాళ్లు అలవోకగా పరుగెత్తుతారు గానీ, కాళ్లు లాగేసేది రెండో పరుగుకి తిరిగేటప్పుడే. ప్యాడ్లు కట్టుకుని పూర్తి వేగంతో వచ్చి, బ్యాట్ గీత దాటించి, మోకాలు వంచి ఆగి, ఆగిన చోటు నుంచి మళ్లీ వేగం అందుకోవాలి. మొన్న మే నెలలో మా ఓపెనర్ 17వ ఓవర్లో అలా తిరుగుతూనే పిక్క పట్టుకుని కూలబడ్డాడు. షూ విప్పి పాదం వెనక్కి నొక్కుతుంటే కండ రాయిలా బిగిసిపోయి ఉంది. వాడు నెట్స్‌లో గంటసేపు ఆడినా ఒక్కనాడూ అలా కాలేదు.

దానికి తోడు మన ఉక్క. కొబ్బరి తోటల మధ్య గాలి ఆడదు, చెమట పడుతుందే గానీ ఆరదు, అది ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! నెట్స్ పొద్దున్నే ఆరింటికి మొదలెట్టి ఎండెక్కేలోపు ముగిస్తాం, మ్యాచ్ మధ్యాహ్నం దాకా సాగుతుంది.

ఫాస్ట్ బౌలర్ల సంగతి వేరు. టీ20లో కోటా 24 బంతులే, పైగా ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఊపిరి తీసుకునే వీలుంటుంది. నెట్స్‌లో బ్యాటర్లు మారతారు, బౌలర్ మాత్రం వేస్తూనే ఉంటాడు, ఎవరూ లెక్కపెట్టకపోతే అరవై డెబ్బై బంతులు ఇట్టే అయిపోతాయి. ప్రతి బంతికీ ముందు కాలి మీద ఒంటి బరువుకి కొన్ని రెట్లు పడుతుంది, నడుముకి ముప్పు అక్కడే. వీళ్ల విషయంలో నాకు మ్యాచ్ కన్నా నెట్స్ అంటేనే టెన్షన్.

జిమ్, కాలువ గట్టు మీద పరుగు మంచివే, ఆటకి మాత్రం సరిపోవు.

ఇప్పుడు మా దగ్గర ప్రతి ఆరు బంతులకీ ప్యాడ్లతోనే రెండేసి పరుగులు తీయిస్తున్నాను. బౌలర్ వెనకాల ఒక పిల్లాడు బంతులు లెక్కపెడుతుంటాడు. ఆదివారం మ్యాచ్ మాత్రం మానిపించకండి. ఉప్పు, పంచదార కలిపిన నిమ్మకాయ నీళ్లు రెండు సీసాలు ఇచ్చి పంపండి.