గోదావరి కాలువల్లో హౌస్‌బోటు విహారం అని అమ్ముతున్నవారితో జాగ్రత్త

కోనసీమ కాలువల మీద హౌస్‌బోటులో తిప్పుతామంటూ హైదరాబాదులో అమ్ముతున్న పాకేజీకి అడ్వాన్సు కట్టినవారూ, కట్టబోతున్నవారూ దయచేసి ఇది చదివిన తరువాతే మిగతా డబ్బు చెల్లించండి. సంస్థ పేరు రాయడం లేదు. కొబ్బరిచెట్ల మధ్య ఇరుకు కాలువలో రెండంతస్తుల పడవ, దాని మీద ఉయ్యాల, అరిటాకులో భోజనం ఉన్న ఆ రంగుల ప్రకటన ఈ వేసవిలో ఫోను తెరిచిన ప్రతిసారీ ఎదురవుతూనే ఉంది కనుక, ఎవరి గురించి చెబుతున్నానో చాలామందికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

రైలు దిగి ఇంటికి వచ్చి ఇంకా సామాను కూడా సర్దుకోలేదు, అందువల్ల ముందు సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను. మా నాన్నగారితో కలిపి ఆరుగురం. పడవ మొత్తం మాకే, రెండు రాత్రులు, భోజనాలతో సహా 62,000 రూపాయలు. బొబ్బర్లంకలో పడవ ఎక్కి, లొల్ల లాకులు దాటి, గన్నవరం అక్విడక్టు (కాలువను గోదావరి పాయ దాటించే వంతెన) మీదుగా రాజోలు వైపు వెళ్లి, దిండిలో ఆగి, చివరికి అంతర్వేదిలో దిగడం అని కరపత్రంలో బొమ్మలతో సహా అచ్చువేశారు. మా నాన్నగారి చిన్నతనం రాజోలు తాలూకాలో గడిచింది. ఆ రోజుల్లో కాలువ పడవలను గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతూ ఉండగా చూసిన మనిషి కనుక, ఎక్కడికీ కదలనని భీష్మించుకున్నవారు కూడా ఈ ప్రయాణానికి ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా దీని చుట్టూనే తిరిగింది. డబ్బు కట్టడానికి వాళ్ల ఆఫీసుకు వెళ్లిన రోజున నాన్నగారు సూటిగా ఒకే ఒక ప్రశ్న అడిగారు. "దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చే వేళకు ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు కదా బాబూ, మళ్లీ జూన్ దాకా నీళ్లు వదలరు. మే నెలలో మీ పడవ దేని మీద నడుస్తుంది?" అని. బల్ల అవతల కూర్చున్న యువకుడు ఏమాత్రం తడబడకుండా, "అది మీ కాలంలో అంకుల్. ఇప్పుడు అది నేషనల్ వాటర్‌వే, కేంద్రం చేతిలో ఉంది, బోట్ల కోసం ఏడాది పొడుగునా నీళ్లు ఉంచుతున్నారు" అని జవాబు చెప్పి, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నీలిరంగు గీత గీసిన పటం ఒకటి కంప్యూటరులో చూపించాడు. మా ఇంట్లో పెద్ద చదువులు చదివినవారమంతా ఆ నీలిగీత చూసి తలలు ఊపాం. నాన్నగారు మాత్రం ఊపలేదు.

ఆ గీత సంగతి కూడా చెప్పేస్తాను. కాకినాడ–పుదుచ్చేరి మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించిన మాట నిజమే. కానీ ఆ మార్గంలో ఉన్నవి కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ, వాటితో పాటు గోదావరి, కృష్ణా నదులలో కొంత భాగం. బొబ్బర్లంక నుంచి లొల్ల మీదుగా కోనసీమలోకి దిగే మధ్య డెల్టా కాలువలకు ఆ గీతతో సంబంధమే లేదు. పైగా ప్రకటించినంత మాత్రాన కాలువల్లో పడవలు నడవవు. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు ఈ కాలువలను సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి ఉద్దేశించిన మాట వాస్తవం. ఎగువ నీటిమట్టం నుంచి దిగువ మట్టానికి పడవను దించడానికే లాకులు కట్టారు: పడవ రెండు తలుపుల మధ్య గదిలోకి వచ్చి ఆగితే, వెనక తలుపు మూసి, నీటిని మెల్లగా కిందికి వదిలి, మట్టం సమానమయ్యాక ముందు తలుపు తెరిచేవారు. రైళ్లు, లారీలు వచ్చాక ఆ రవాణా ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. ఇప్పుడు ఆ కాలువలు పొలాలకూ ఊళ్ల చెరువులకూ నీళ్లు ఇవ్వడానికే ఉన్నాయి. ఇదంతా తిరుగు ప్రయాణంలో పై బెర్తు మీద పడుకుని చదివి తెలుసుకున్నాను. ఆ యువకుడికి మాత్రం అమ్మే ముందే తెలుసు.

రాజమహేంద్రవరంలో రైలు దిగగానే టెంపో సిద్ధంగా ఉంది. బొబ్బర్లంకలో పడవ ఎక్కాలి కదా అంటే, అక్కడ రేవులో పని జరుగుతోంది, లొల్లలో ఎక్కుతారు అని డ్రైవరు చెప్పాడు. సరే అనుకున్నాం. బ్యారేజీ దాటి, గట్టు వెంట పోయి, లొల్ల లాకుల దగ్గర టెంపో ఆగింది. ఆగిన చోట కాలువలో నీళ్లు లేవు.

నీళ్లు తక్కువగా ఉన్నాయని కాదు నా మాటకు అర్థం. కాలువ అడుగున బురద ఎండి, పెచ్చులు పెచ్చులుగా పైకి లేచి ఉంది. గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు తుక్కు అయిపోయింది. లాకు తలుపుల మొదట్లో మాత్రం పచ్చటి మడుగు ఒకటి మిగిలింది. దానికి అవతల నడి కాలువలో మూడు కర్రలు పాతి పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. పడవ ఎక్కడ అని డ్రైవరును అడిగితే అతను తెల్లబోయి, "పడవ దిండిలో కదండీ. ఇక్కడ ఫోటోలు తీసుకోవడానికి పావుగంట ఆపమన్నారండి, అంతే" అన్నాడు.

అక్కడి నుంచే సంస్థకు ఫోను చేశాను. మొదట ఎత్తలేదు, తరువాత వినబడడం లేదన్నారు, చివరికి ఆ యువకుడే దొరికాడు. ఎండలో అందరం టెంపో నీడన నిలబడి ఉన్నాం కనుక ఫోను స్పీకరులో పెట్టాను. "సార్, లొల్ల లాకులు చూపిస్తామన్నాం, చూపించాం. కాలువలో బోటు నడుపుతామని వోచరులో ఎక్కడ ఉందో చదవండి" అన్నాడు. తీసి చదివాను. నిజంగానే లేదు. కరపత్రంలో ఉన్న దారి వోచరులో "కోనసీమ కాలువల అందాల సందర్శన, దిండిలో బోటు బస" అని మారిపోయి ఉంది. అయినా కరపత్రం చూసే డబ్బు కట్టాం, పైగా నోటితో అడిగాం కదా అన్నాను. అప్పుడు అతను అన్న మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "వేసవిలో కాలువలు కట్టేస్తారని అందరికీ తెలిసిందే సార్. మీ నాన్నగారికే తెలుసు. ఆ రోజు ఆఫీసులో ఆయనే అడిగారు కదా! తెలిసి తెలిసి బుక్ చేసుకుని ఇప్పుడు మమ్మల్ని అంటే ఎలా?"

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. డబ్బు కాజేసినవారిని చూశాం, మాట తప్పినవారిని చూశాం. కానీ ఒక పెద్దాయన అనుమానంతో అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పి, చివరికి ఆ ప్రశ్ననే ఆయన మీదికి సాక్ష్యంగా తిప్పికొట్టిన తెలివిని నేను ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. ఆ తెలివిలో సగం పడవ ఏర్పాటు చేయడంలో చూపించి ఉంటే ఈ పాటికి నేను వారిని పొగుడుతూ రాస్తూ ఉండేవాడిని. నాన్నగారు ఫోను నా చేతిలోంచి తీసుకుని చాలా నెమ్మదిగా, "బాబూ, నేను అడిగింది గుర్తుంది కదా, దానికి నువ్వు చెప్పిన జవాబు కూడా గుర్తుందా?" అన్నారు. అవతల ఫోను కట్ అయింది. ఆ తరువాత ఎన్నిసార్లు చేసినా బిజీ అనే వచ్చింది.

దిండి గురించి ఎక్కువ రాయను. అక్కడి పడవ మంచిదే, పనివారు మర్యాదస్తులే, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. గోదావరి వశిష్ఠ పాయలో సముద్రపు పోటు నీరు ఉంటుంది కనుక వేసవిలో కూడా అక్కడ పడవ తేలుతుంది. సాయంత్రం చించినాడ వంతెన దాకా తీసుకుపోయి, వెనక్కి తెచ్చి, ఒడ్డున కొబ్బరిచెట్టుకు కట్టేశారు. మర్నాడంతా పడవ కట్టిన చోటే ఉంది. ఇంకా తిరగాలంటే డీజిలుకు గంట లెక్కన వేరే ఇవ్వాలన్నారు. హైదరాబాదు వారు తమకు గదుల అద్దె, భోజనాల ఖర్చు మాత్రమే పంపారట. ఇక్కడి నుంచి కాలువలోకి ఎప్పుడైనా వెళ్లారా అని పడవ నడిపే సరంగును అడిగితే, "ఇంత పడవ కాలువలో ఎక్కడ పడుతుందండీ, మొదటి వంతెన కిందే ఇరుక్కుపోద్ది" అని నవ్వాడు. లైఫ్ జాకెట్లు అడిగిన తరువాతే పెట్టెలోంచి బయటికి వచ్చాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి అంత ఘోరం జరిగాక కూడా అడిగితే తప్ప ఇవ్వకపోవడం నాకు మింగుడుపడలేదు.

కరపత్రంలో రెండో రోజు మధ్యాహ్న భోజనానికి పులస పులుసు అని కూడా ఉంది. మే నెలలో! వంటాయనకు ఆ కాగితం చూపిస్తే, "ఎర్రనీరు రాకుండా పులస ఎక్కడిదండీ బాబూ" అని తల పట్టుకున్నాడు. గోదావరికి వరద వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదే చేపను ఎండాకాలంలో వడ్డిస్తామని రాసినవారు నీళ్లు లేని కాలువలో పడవ నడుపుతామని రాయడంలో వింత ఏమీ లేదు. ఆ ఒక్క వాక్యాన్ని ముందే సరిగ్గా చదివి ఉంటే 62,000 రూపాయలు మిగిలేవని మా ఆవిడ దారి పొడుగునా గుర్తుచేస్తూనే ఉంది. ఆమెతో వాదించే స్థితిలో నేను లేను.

అంతర్వేదికి టెంపోలోనే తీసుకుపోయారు. తిరుగు రైలు నరసాపురంలో కనుక సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాం. డబ్బుకు తగ్గ నీటి ప్రయాణం ఏదైనా జరిగింది అంటే అదొక్కటే. దాని టిక్కెట్టు మేమే కొనుక్కున్నాం.

ఇంటికి చేరేసరికి సంస్థ నుంచి రెండు సందేశాలు వచ్చి ఉన్నాయి. సేవలను పూర్తిగా వినియోగించుకున్నందున డబ్బు వాపసు ఇవ్వడం కుదరదని మొదటిది. మా ప్రయాణం ఆహ్లాదంగా జరిగిందని ఆశిస్తున్నామని, ఐదు నక్షత్రాలు ఇస్తే వచ్చే ప్రయాణంలో పది శాతం తగ్గింపు ఇస్తామని రెండోది. రెండింటి మధ్య నిమిషం తేడా కూడా లేదు.

ఇక వెళ్లదలచినవారికి. దిండికి వెళ్లండి, బాగుంటుంది, కానీ అక్కడి పడవవారితోనే నేరుగా మాట్లాడుకుని, పడవ రోజుకు ఎన్ని గంటలు కదులుతుంది, ఎక్కడి దాకా పోతుంది, డీజిలు ఎవరిది అన్నది రాయించుకోండి. కరపత్రాన్ని నమ్మకండి, బిల్లు మీదా వోచరు మీదా ఏం రాశారో అక్షరం అక్షరం చదవండి. నోటిమాటగా ఇచ్చిన హామీని అదే రోజు వాట్సాప్‌లో వారికి తిరిగి రాసి, అవునని అనిపించుకోండి. నా దగ్గర కరపత్రం ఉంది, వోచరు ఉంది, ఆ నీలిగీత జవాబుకు మాత్రం రాతలో ఆధారం లేదు.

ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, గోదావరి జిల్లాలకు తిరగనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు. జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. నేను నోటీసు రాయిస్తున్నాను. ఇదే కరపత్రం చూసి డబ్బు కట్టినవారు ఎవరైనా ఉంటే మీ వోచరు ఫోటో నాకు పంపండి, కరపత్రంలోని దారి ఎంతమంది వోచర్లలో మాయమైందో కమిషన్ ముందు చూపించాలి.

దసరా సెలవులకు అడ్వాన్సు ఇచ్చినవారికి ఇంకొక్క మాట. జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు కనుక అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదని వాళ్లు ఇప్పుడు కొత్తగా నచ్చజెబుతున్నారట. కాలువ గట్లు ఒరుసుకుంటూ నిండుగా పారినా ఆ పడవ దిండి దాటి కాలువలోకి రాదు, లొల్ల లాకుల దగ్గర టెంపోనే ఆగుతుంది. మిగతా సొమ్ము కట్టకుండా అడ్వాన్సు వాపసు ఇమ్మని ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి.