రిమైండర్ లైటు ఆరింది, ఆయిల్ మాత్రం మారలేదు: సర్వీసుకు కారు ఇచ్చేవాళ్లు జాగ్రత్త

కారు సర్వీసుకిచ్చిన షాపులో గొడవపడి ఇప్పుడే ఇంటికొచ్చాను. కోపం ఇంకా దిగలేదు, కానీ ఇది ఈ రోజే రాయాలి. ఎందుకంటే మన కాలనీ కార్లలో సగం ఆ షాపుకే వెళ్తాయి, ఈ ఆదివారం కూడా ఎవరో ఒకరు ఇస్తారు. పేరు రాయడం లేదు. మెయిన్ రోడ్డు మీద, పెద్ద బోర్డు పెట్టుకుని అన్ని కంపెనీల కార్లూ చేసే షాపు అంటే ఇక్కడి వాళ్లకు తెలిసిపోతుంది.

విషయం ఇది. మీటర్‌లో సర్వీసు టైమైందని గుర్తుచేసే రిమైండర్ లైటు వెలిగింది. ఇన్నేళ్లుగా కారు చూసిన మెకానిక్ షాపు తీసేసి ఊరెళ్లిపోయాడు, అందుకే వీళ్లకు ఇచ్చాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, వాషింగ్. సాయంత్రానికి కారు తళతళలాడుతూ వచ్చింది. ఫుల్లీ సింథటిక్ ఆయిల్ 3.5 లీటర్లు, ఫిల్టర్, పైగా నేను అడగని ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపలి మురికి కడగడం) కలిపి ఐదు వేల పైనే తీసుకున్నారు. తలుపు పక్కన తర్వాతి సర్వీస్ స్టిక్కర్ అంటించారు. మీటర్‌లో లైటు పోయింది. అంతా సరిగ్గానే జరిగిందనిపించింది.

మర్నాడు నాన్నను తీసుకుని విజయవాడ వెళ్లాలి. హైవే ప్రయాణం కదా అని బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీశాను. పెట్రోల్ కారులో కొత్త ఆయిల్ పోసిన మర్నాడు అది తేనె రంగులో, తేటగా ఉండాలి. డీజిల్ అయితే మసి వల్ల తొందరగానే నల్లబడుతుంది, కానీ మాది పెట్రోల్. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. కాటుకలా నల్లగా ఉంది. అదీ కనీసం ఉండాల్సిన లెవెల్ చూపే కింది గీత కన్నా దిగువకు.

టార్చి తీసుకుని కిందికి వంగి చూశాను. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు చుట్టూ ఎండిపోయిన మట్టి అలాగే ఉంది, దాని మీద పానా పడిన గుర్తే లేదు. ఆయిల్ ఫిల్టర్ చూశాక ఇక అనుమానమే మిగల్లేదు. పాత మెకానిక్‌కు ఒక అలవాటుండేది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా దాని మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో కిలోమీటర్ రీడింగ్ రాసేవాడు. పోయినేడాది ఆయన రాసిన అంకెలు, కొంచెం మాసిపోయి, అక్కడే ఉన్నాయి.

ప్రయాణం మానుకుని ఫొటోలు తీసుకుని షాపుకు వెళ్లాను. ఓనర్ మొదట బాగానే మాట్లాడాడు. "ఆయిల్ నల్లబడటం మామూలే సార్, ఫ్లష్ చేశాం కదా, లోపలి మురికి దిగుంటుంది" అన్నాడు. మరి లెవెల్ ఎందుకు తక్కువుంది అంటే జవాబు లేదు. ఫిల్టర్ ఫొటో చూపించాను. మీరు తీసిన పాత ఫిల్టర్ ఇవ్వండి, పట్టుకెళ్తాను అన్నాను. మూలనున్న డ్రమ్ములో నూనె కారుతున్న పాత ఫిల్టర్లు ఒక గుట్ట ఉన్నాయి. "అందులో ఉంటుంది, ఏదో ఒకటి తీసుకో" అన్నాడు. నిమిషం ముందు దాకా సార్, ఇప్పుడు నువ్వు.

అప్పుడన్నాడు ఆ మాట. "మీటర్‌లో లైటు పోయిందా లేదా? పోయిందిగా. ఆయిల్ మార్చకపోతే లైటెట్లా పోతుంది? నువ్వేమన్నా మెకానిక్‌వా?"

నలుగురు కస్టమర్ల ముందు అన్నాడు. వాళ్లలో ఇద్దరు నావైపు జాలిగా చూశారు, నేనే ఏదో తెలియక గొడవ పడుతున్నట్టు. కారు చేసిన కుర్రాడు తల వంచుకుని పక్క కారు టైరు బిగిస్తున్నాడు, ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. నా ఐదు వేలు పోయినదానికన్నా ఆ మాట ఎక్కువ మండించింది. ఎందుకంటే అది అబద్ధమని ఆయనకు తెలుసు. మనలో చాలామందికి తెలియదని కూడా ఆయనకు తెలుసు.

ఆ లైటు గురించి అందరూ తెలుసుకోండి. మన దగ్గర తిరిగే మామూలు కార్లలో చాలావాటికి సర్వీస్ రిమైండర్ అంటే కిలోమీటర్లు, రోజులు లెక్కపెట్టే లెక్క మాత్రమే. మా కారుకైతే 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ లెక్క పూర్తయితే పానా బొమ్మ వెలుగుతుంది. లోపల ఆయిల్ ఎలా ఉందో దానికి తెలియదు, మార్చారో లేదో అసలే తెలియదు. కొన్ని ఖరీదైన కార్లలో ఇంజిన్ ఎంత తిరిగింది, ఎంత వేడెక్కింది చూసి ఆయిల్ ఆయుష్షు లెక్కగడతారు, కానీ వాటిలో కూడా సర్వీసయ్యాక రీసెట్ చేస్తే ఆ లెక్క మొదటికొస్తుంది. చాలా కార్లలో ట్రిప్ మీటర్ బటన్ నొక్కిపట్టుకునో, మెనూలోకి వెళ్లో నిమిషంలో రీసెట్ చేసేయొచ్చు. ఒక్క చుక్క ఆయిల్ కూడా అక్కర్లేదు. నాకు చేసింది అదే.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. లైటు ఆరిపోయింది కాబట్టి ఇంకో ఏడాది మనం బానెట్ ఎత్తం. సిటీలో రోజూ ట్రాఫిక్‌లో పాకే కారుకు కిలోమీటర్లు తక్కువే తిరుగుతాయి కానీ ఇంజిన్ మాత్రం గంటలకొద్దీ నడుస్తూనే ఉంటుంది. పాతబడ్డ ఆయిల్, అదీ లెవెల్ తగ్గిపోయి, ఎండాకాలం హైవే మీద వంద స్పీడులో వెళ్తే ఇంజిన్ లోపలి భాగాలు అరిగిపోతాయి. ఇంజిన్ పట్టేసిందంటే ఖర్చు లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. డెబ్బై దాటిన మనిషిని వెనక కూర్చోబెట్టుకుని సూర్యాపేట దగ్గర రోడ్డు మధ్య ఆగిపోయి ఉంటే ఏం చేసేవాణ్ని? షాపులో ఈ సంగతి చెప్తే ఓనర్ "కావాలంటే అర లీటరు ఫ్రీగా టాప్అప్ చేస్తాం" అన్నాడు.

వద్దన్నాను. అక్కణ్నుంచి ఇంకో చిన్న షాపుకు తీసుకెళ్లి నా కళ్ల ముందే మార్పించాను. అక్కడ దించిన పాత ఆయిల్ రెండున్నర లీటర్లు కూడా లేదు. ఆ మెకానిక్ ఫిల్టర్ విప్పి, దాని మీది అంకెలు చూసి, నా చేతిలో పెట్టాడు. ఇప్పుడది కవర్లో చుట్టి ఇంట్లో దాచాను.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. వాళ్లిచ్చిన కాగితం మీద ఎస్టిమేట్ అని ఉంది, జీఎస్టీ నంబర్ లేదు. రేపు కేసు పెడితే మా బిల్లే కాదనడానికి. అయినా ఫోన్‌పే చేసిన రసీదు ఉంది, స్టిక్కర్ మీద వాళ్ల చేతిరాత ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, నంబర్ ఇచ్చారు.

ఎక్కడ ఇచ్చినా సరే, కొన్ని పనులు చేయండి. ఇచ్చేముందే ఫిల్టర్ మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. పాత పార్టులు డిక్కీలో పెట్టమని, షాపువాళ్లు చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డులో రాయించండి. ఆయిల్ డబ్బా సీలు మీ ముందే విప్పించండి, ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం రకం) కారు మాన్యువల్‌లో ఉన్నదేనా చూసుకోండి. పోశాక ఖాళీ డబ్బాకు అక్కడే కన్నం పెట్టించండి, వాటిలో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. కారు తీసుకునేటప్పుడు డబ్బులివ్వకముందే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ చుక్క పడుతున్న డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం అది రిమైండర్ కాదు, ఆయిల్ ప్రెషర్ పోయిందని అర్థం. ఎక్కడున్నా బండి పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. బైకుల వాళ్లకు ఇంకో మాట, గేర్ల బైకులో కారు ఆయిల్ పోయనివ్వకండి, క్లచ్ జారొచ్చు. డబ్బా మీద బైకు ఆయిల్ ప్రమాణమైన జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 అని ఉండాలి.

గత రెండు మూడు నెలల్లో ఆ షాపులో సర్వీస్ చేయించినవాళ్లు ఈ రాత్రే ఒకసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. పెట్రోల్ కారులో ఆయిల్ నల్లగా ఉండి, లెవెల్ కూడా తగ్గి ఉంటే ఫొటో తీసి నాకు పంపండి. నాలుగైదు ఫిర్యాదులు కలిస్తే వినియోగదారుల కమిషన్‌కు కలిసే వెళ్దాం. నా బిల్లు, ఫొటోలు, ఫిల్టర్ అన్నీ ఉన్నాయి.