ఫారం కీచురాళ్ల పేరుతో పొలం పురుగులు: బియర్డెడ్ డ్రాగన్ పెంచేవారు జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో బియర్డెడ్ డ్రాగన్లను (ఇంట్లో పెంచుకునే ఆస్ట్రేలియా జాతి బల్లులను) పెంచుతూ, వాటి మేతకు బతికున్న పురుగులను ఫోన్‌లో ఆర్డరు చేసి తెప్పించుకుంటున్నవారు కొనేముందు ఈ విషయం తెలుసుకోవాలి. "ఫారంలో పెంచినవి, గట్‌లోడ్ చేసినవి (పోషకాహారంతో పొట్ట నింపినవి), కాల్షియం పొడి పట్టించినవి" అని నమ్మించి, మామూలు కీచురాళ్ల కన్నా ఎక్కువ ధర తీసుకున్న ఒక అమ్మకందారు నాకు పంపిన పెట్టెలో ఉన్నవి పొలాల్లోనూ రాత్రి దీపాల కిందా పట్టి నింపిన పురుగులు. ఫిర్యాదు నడుస్తున్నందున ఆ అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే పేరు కన్నా పెట్టెను గుర్తుపట్టడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే వానాకాలంలో ఈ రకం సరుకు పోగుచేయడం ఎవరికైనా సులువే.

ఫారంలో పెంచిన కీచురాళ్లు ఒకే ఈడువి కాబట్టి ఒక పెట్టెలోనివన్నీ దాదాపు ఒకే పరిమాణంలో, ఒకే జాతివిగా ఉంటాయి. నాకు వచ్చిన పెట్టెలో నల్లటి పెద్ద కీచురాళ్లు, గోధుమరంగు చిన్నవి, రెండు మూడు రకాల మిడతలు కలిసి ఉన్నాయి. అడుగున ఫారంలో వాడే గుడ్ల అట్టకు బదులు ఎండిన గడ్డి, పత్తి ఆకు ముక్కలు ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది మాత్రం వాటి మధ్య కనిపించిన ఒక పెంకు పురుగు. నల్లని రెక్కల మీద నారింజ పట్టీలుండే ఆ పురుగును కంది పూత మీద, బెండ పూత మీద మన రైతులందరూ చూసే ఉంటారు. చేతి మీద నలిగితే బొబ్బలు లేపే కాంథరిడిన్ అనే విషం దాని ఒంట్లో ఉంటుంది, అది బల్లిజాతి కడుపులోకి వెళితే ప్రాణానికే ముప్పు.

పొలం పురుగులతో వచ్చే ప్రమాదం ఈ ఒక్క పురుగుతో ఆగదు. జిల్లేడు చెట్టు మీద బతికే పసుపు, నీలం చారల మిడత ఆ చెట్టు పాలలోని విషాన్ని తన శరీరంలోనే దాచుకుంటుంది. దీపాల దగ్గర పట్టిన సరుకులో మిణుగురు పురుగు కలిసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అమెరికాలోనైతే మిణుగురులు తిన్న బియర్డెడ్ డ్రాగన్లు తల విదిలిస్తూ, నోరు తెరుచుకుని, రంగు నల్లబడి కొద్దిసేపట్లోనే చనిపోయిన సంఘటనలు శాస్త్ర పత్రికల్లో నమోదయ్యాయి. వీటన్నిటికన్నా మన ప్రాంతంలో ఎక్కువగా ఆలోచించవలసింది పురుగుమందుల గురించి. చుట్టూ పత్తి చేలున్న చోట వానాకాలమంతా ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు కొడుతూనే ఉంటారు, మందు తగిలీ ఇంకా చావని మిడత చేతికి తేలిగ్గా చిక్కుతుంది కాబట్టి పట్టేవాడి సంచిలోకి ముందు చేరేది కూడా అదే. పెట్టె విప్పగానే వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్న పురుగులు కనిపిస్తే, వాటిని ప్రయాణపు అలసట అని అమ్మకందారు చెప్పినా నమ్మకండి. అదే అమ్మకందారు దుకాణంలో పురుగుల ట్రేల చుట్టూ చీమల మందు చాక్‌పీసుతో గీతలు గీసి ఉండడం ఆ తర్వాత అక్కడికి వెళ్లిన నా మిత్రుడు చూశాడు.

ఇక అదనంగా వసూలు చేసిన డబ్బు సంగతి. గట్‌లోడ్ చేయడమంటే డ్రాగన్‌కు వేయడానికి ముందు ఒకటి రెండు రోజులు పురుగుకు పోషకమైన ఆహారం పెట్టి దాని పొట్ట నింపడం. పార్సిల్‌లో మేత లేకుండా ప్రయాణించి హనుమకొండ చేరేసరికి ఆ పొట్ట ఖాళీ అవుతుంది. కాల్షియం పొడి పట్టించడం కూడా అంతే, కీచురాయి తన ఒళ్లు తానే శుభ్రం చేసుకుంటుంది కాబట్టి అద్దిన పొడి కొన్ని గంటలకు మించి నిలవదు. అంటే ఈ రెండు పనులూ మేత వేసే ఇంట్లో జరగవలసినవే తప్ప ఎక్కడో చేసి పెట్టెలో పంపగలిగినవి కావు, వాటి పేరు చెప్పి ధర పెంచడం శుద్ధ మోసం. పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన పొడి పొట్లం మీద లేబులు లేదు. పశువుల మినరల్ మిక్చరును కొందరు ఇలా చిన్న పొట్లాలు కట్టి ఇస్తున్నారని నా అనుమానం. కీచురాళ్లలోనూ, మేతగా వాడే పొడవాటి పురుగులైన మీల్‌వార్ముల్లోనూ ఫాస్ఫరస్ ఇప్పటికే కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మేతలో ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం రెండు వంతులుండాలి గనుక మనకు కావలసింది ఫాస్ఫరస్ కలవని కాల్షియం. మినరల్ మిక్చరులో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది కాబట్టి ఎముకలు మెత్తబడే జబ్బును అది ఆపలేదు.

ఆ పెట్టెలోని మేత మొదలుపెట్టిన కొద్ది రోజులకే మా డ్రాగన్ తిండి మానేసి, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు చేసుకుంది, పేడ పరీక్షలో పేగుల్లో బతికే కాక్సిడియా అనే క్రిములు బయటపడ్డాయి. తక్కువ సంఖ్యలో ఈ క్రిములు చాలా డ్రాగన్లలో ముందునుంచే ఉంటాయి గనుక తప్పంతా ఆ పెట్టెదేనని నేను అనను. అయితే మురికి ట్రేల్లో ఉంచిన పురుగులు వాటిని ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకొస్తాయి, ఈ పెట్టె అడుగున చచ్చి కుళ్లిన పురుగుల కంపు ముక్కు పగిలేలా ఉంది. మా డ్రాగన్ ఇప్పుడు మందులతో కోలుకుంటోంది. ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఫోన్‌లో అమ్మకందారు చెప్పే చిట్కాల కోసం ఎదురుచూడకుండా, తాజా పేడను చిన్న డబ్బాలో పెట్టి పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి.

సూపర్‌వార్ములు (మీల్‌వార్ముల కన్నా పెద్దగా ఉండే మేత పురుగులు) కొనేవారికి ఒక ప్రత్యేకమైన మాట. ఆరోవానా చేపల కోసం అక్వేరియం దుకాణాల్లో దొరికే ఈ పురుగులను కొందరు థర్మకోల్ పెట్టెల్లో పంపుతారు. ఇవి థర్మకోల్‌ను నిజంగానే కొరికి తింటాయి, 2022లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిపై ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా వార్తయింది. ప్లాస్టిక్ చెత్త సమస్యకు అది శుభవార్త కావచ్చు గాని, థర్మకోల్ నిండిన పురుగును మన డ్రాగన్‌కు మేతగా వేయలేం కదా! పెట్టె లోపలి గోడలు కొరికి ఉంటే ఆ పురుగులను వెంటనే గోధుమ పొట్టులోకి మార్చి, క్యారెట్ ముక్కలు వేసి, పొట్ట శుభ్రపడేదాకా ఆగండి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మీల్‌వార్ములు చలికి ఆగినట్టు ఇవి ఆగలేక చచ్చిపోతాయి.

కొనేముందు పురుగులున్న ట్రేను వీడియోలో చూపించమని అడగండి. ఏ జాతివో, ఏం తిని పెరిగాయో చెప్పలేనివాడి దగ్గర కొనవద్దు. పెట్టె విప్పుతున్నప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి. బతికున్నవాటిని కనీసం ఒక రోజు వేరే డబ్బాలో ఉంచి మునగాకు పెట్టండి, పాలకూర మాత్రం వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. మేత వేసేటప్పుడు డ్రాగన్ రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగును వేయకండి. మిగిలిన కీచురాళ్లను రాత్రికి గాజు పెట్టెలో వదిలేస్తే నిద్రపోతున్న డ్రాగన్‌ను అవే కొరుకుతాయి.

డబ్బు తిరిగివ్వమని అడిగితే ఆ అమ్మకందారు "బతికున్న సరుకుకు వాపసు ఉండదు" అని చెప్పి నా నంబరును బ్లాక్ చేశాడు. దారిలో చచ్చిపోయిన పురుగుల విషయంలో ఆ షరతు చెల్లుతుందేమో గాని, ఒక సరుకు చూపి మరో సరుకు పంపినప్పుడు చెల్లదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చెల్లింపు రసీదు, అతని ప్రకటన, పెట్టె విప్పిన వీడియో మూడూ జతచేశాను. ఇలాంటి పెట్టె మీకూ వచ్చి ఉంటే పురుగులను పారేయకముందే ఫొటోలు తీసి, పార్సిల్ మీది చీటీని చింపకుండా దాచి, మీరు కూడా ఆ నంబరుకు ఫిర్యాదు చేయండి.