కొత్త పెయింట్ వేసిన పాత ఇల్లు అద్దె కోసం కొంటున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

అద్దెకిద్దామనో, బాగుచేయించి అమ్ముదామనో పాత ఇల్లు వెతుకుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే ఒకటి కొన్నాను. రెండు నెలల్లో పనులు అయిపోతాయి, మూడో నెల నుంచి అద్దె వస్తుందని లెక్క వేసుకున్నాను. తీరా చూస్తే తొమ్మిది నెలలు పట్టింది. మరమ్మతులకు పక్కన పెట్టుకున్న డబ్బు చాలక దాని మీద ఇంకో 70 శాతం పెట్టాల్సి వచ్చింది, ఇంట్లోంచి ఒక్క పైసా అద్దె రాకపోయినా బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాను.

తప్పు ఇల్లు చూసిన రోజే జరిగింది. మంచి ఎండ ఉన్న మధ్యాహ్నం వెళ్లాం. తలుపు తీయగానే పెయింట్ వాసన, గోడలన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. "రంగులు కూడా వేయించేశాను, ఇక మీరు చేయాల్సిందేమీ లేదండి" అన్నారు అమ్మే ఆయన. నాకు సంతోషం వేసింది. అమ్మేసే ఇంటికి ఇంత హడావిడిగా రంగులు ఎందుకు వేయించారని ఆ పూట నాకు తట్టలేదు, తట్టి ఉంటే ఈరోజు ఇది రాసే పని ఉండేది కాదు.

రిజిస్ట్రేషన్ అయిన కొన్ని వారాలకు మొదటి పెద్ద వాన పడింది. పడకగదిలో, బాత్రూమ్ వైపు గోడ మీద నేల నుంచి మోకాలెత్తు వరకు బుడగలు లేచాయి. గోటితో గీరితే పెయింట్ అప్పడంలా ఊడి చేతిలోకి వచ్చింది, దాని వెనక పుట్టీ తడి ముద్దలా అంటుకుంది, ఇంకా లోపల ఇటుకల మీద తెల్లటి ఉప్పు పొడి. గోడలోంచి నీళ్లు వస్తూ ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను కరిగించి బయటికి తెస్తాయి, నీరు ఆరిపోయాక ఆ ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అంత మందంగా పేరుకుందంటే ఆ చెమ్మ ఒక్క వానతో వచ్చింది కాదు, ఎప్పటి నుంచో ఉంది.

సరే, బాత్రూమ్ టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే పోతుందనుకున్నాను. టైల్స్ తీశాక కింద జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) లోపలంతా తుప్పుతో పూడుకుపోయి కనిపించాయి. వాటిని మార్చాలంటే గోడ కొట్టాలి. గోడ కొడితే వైరింగ్ బయటపడింది, చాలా చోట్ల షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ వైరే లేదు. అలా ఒక పనిలోంచి ఇంకో పని పుట్టుకొచ్చింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ వంటగది ఫాల్స్ సీలింగ్ విప్పినప్పుడు తగిలింది. స్లాబ్ పెచ్చులు ఊడి చువ్వలు బయటికి కనపడుతున్నాయి, మేస్త్రి సుత్తితో మెల్లగా తడితే తుప్పు రేకులు రేకులుగా నా కాళ్ల దగ్గర రాలింది. ఇనుము తుప్పు పడితే ఉబ్బి, మొదటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటును లోపలి నుంచే పగలగొట్టేస్తుంది. ఆ సీలింగ్ అందం కోసం వేశారని నేను నమ్మాను.

అందుకే చెప్తున్నాను, ఇల్లు ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. వీలైతే వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. సింక్ కింద, అలమరాల లోపల అడుగు భాగం, మంచం వెనక గోడ, ఇలాంటి చోట్ల ఎవరూ రంగు సరిగ్గా వేయరు, నిజం అక్కడే కనిపిస్తుంది. టైల్స్ మీద నాణెంతో తట్టి వినండి, డొల్ల మోత వస్తే కింద పట్టు వదిలేసిందని అర్థం. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి నీళ్ల ఒత్తిడి చూడండి. అపార్ట్‌మెంట్ అయితే కింది ఇంటివాళ్ల తలుపు తట్టి, వాళ్ల బాత్రూమ్ సీలింగ్ ఒకసారి చూపించమని అడగండి, మొహమాటపడకండి. మధ్యవర్తి తెచ్చిన ఇంజనీరు కాకుండా మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న ఇంజనీరుతో చూపించండి. ఆ ఫీజు దండగ అనిపించి నేను మానేశాను. గోడలు తీసి హాలు పెద్దది చేద్దామనుకునే వాళ్లు, ఆ గోడ మీద బరువు ఉందో లేదో కూడా ఆయన్నే అడగండి, కాంట్రాక్టర్ మాట మీద కొట్టించకండి.

పనులు మొదలయ్యాక కూడా నిద్రపోకండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే బాత్రూమ్‌లో నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచమనండి, కింద ఎక్కడా తడి రాకపోతేనే తర్వాతి పని. మా కాంట్రాక్టర్ తొందరపెడితే మొదటిసారి ఇది వదిలేశాం, కొత్త టైల్స్ మళ్లీ పగలగొట్టించాల్సి వచ్చింది. పైపులు, వైర్లు మూసేసే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి. డబ్బు పని అయినంతవరకే ఇవ్వండి, చివరి వాయిదా అన్నీ సరిచూసుకున్నాకే.

ఇక అద్దె లెక్క. అందరూ నెల అద్దెని 12తో గుణించి కొన్న ధరతో పోలుస్తారు, నేనూ అదే చేశాను. ఏడాదిలో రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉండి, ఇంకో నెల అద్దె రిపేర్లకు పోతే చేతికొచ్చేది 9 నెలల అద్దే, అంటే 25 శాతం పోయినట్టే. పన్ను, మెయింటెనెన్స్, వడ్డీ ఇంకా ఇందులో కలపలేదు. కొన్న ధరలో కూడా రిజిస్ట్రేషన్ ఖర్చు, మరమ్మతుల ఖర్చు, పనులు జరిగినన్నాళ్లూ కట్టిన వడ్డీ కలిపి చూడండి. అలా చూసినా లెక్క నిలబడితేనే కొనండి. మరమ్మతుల అంచనా మీద కనీసం 20 శాతం విడిగా ఉంచుకోండి, ఇల్లు బాగా పాతదైతే అది కూడా సరిపోదు.

మా ఇంట్లోకి పోయిన నెల అద్దెకు దిగారు. పడకగది గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు, అందుకే దానికి పుట్టీ పెట్టలేదు, పెయింట్ వేయలేదు, ఇటుకలు కనపడేలా అలాగే వదిలేశాం. వాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ముందు ఆ గోడే చూపించి సంగతంతా చెప్పాను, అది ఆరేదాకా అద్దె కొంచెం తగ్గించాను.